సున్నా నుంచి లెక్కపెట్టండి: క్లాసులో ప్రయోగాలకు టైమ్ చూడటం, రాసుకోవడం ఎలా

గుంటూరులో మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక లోలకం ప్రయోగం పెట్టుకోవడం కాస్త సాహసమే, ఎందుకంటే దానికి ఫ్యాన్లు ఆపాలి. ఆపమన్నాననుకోండి, తొమ్మిదో తరగతి మొత్తం నన్ను, బిల్లు కట్టలేదని కరెంటు పీకడానికి వచ్చిన లైన్‌మన్‌ని చూసినట్టు చూస్తుంది. అయినా ఆపాల్సిందే. మీటరు దారానికి వేలాడే చిన్న నట్టుకి ఫ్యాను గాలి తగిలితే అది తిన్నగా ఊగదు, కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది, ఇక ఎక్కడ ఒక డోలనం (ఒకసారి అటు పోయి మళ్ళీ ఇటు రావడం) పూర్తయిందో తేల్చుకోలేక పిల్లలు తలా ఒక లెక్క చెబుతారు.

ఇది సైన్స్ టీచర్ల కోసం రాస్తున్నాను. ఇంట్లో పిల్లల ప్రాజెక్టుల దగ్గర కూర్చునే అమ్మానాన్నలకు కూడా పనికొస్తుంది. నా అనుభవంలో దారం, నట్టు, స్టాండు పెద్దగా మోసం చేయవు. గొడవంతా స్టాప్‌వాచ్ నొక్కే వేలి దగ్గరా, అంకె రాసే పెన్ను దగ్గరా. ఆ రెండు చోట్లా ఏం చేయాలో, నేను చేతులు కాల్చుకున్న వరసలోనే చెబుతాను.

ముందు బోర్డు మీద రెండు వాక్యాలు రాయండి: గడియారం ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు ఆపాలి. ఇది చాలామంది వదిలేస్తారు, నేనూ వదిలేసేవాణ్ణి. "చెంచాడు పంచదార వేసి ఎంతసేపట్లో కరుగుతుందో చూడండి" అని ఊరుకుంటే ఆరు గ్రూపులు ఆరు రకాల ప్రయోగాలు చేస్తాయి. ఒకడు చెంచా వంచగానే నొక్కుతాడు, ఇంకొకడు కలపడం మొదలుపెట్టాక. ఒకరికి "దాదాపు కరిగిపోయింది సార్" అంటే ఆఖరు, ఇంకొకరు అడుగున ఒక్క పలుకు మిగిలినా ఆపరు. అందుకని ఇలా రాయండి: పంచదార అంతా నీళ్ళలో పడిన క్షణం మొదలు, అడుగున ఒక్క పలుకు కూడా కనపడని క్షణం ఆఖరు, కలపడం సెకనుకి ఒక చుట్టు. గ్లాసు కింద నల్లటి అట్ట పెట్టి పైనుంచి చూడమనండి, పలుకులు తెల్లగా తెలుస్తాయి. ఈ ఒక్క అట్టముక్కతో గ్రూపుల మధ్య తేడాలు సగానికి పైగా తగ్గడం నా కళ్ళతో నేను చూశాను.

హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, కింద కాగితం మీద ఇంటూ గుర్తు ఎప్పుడు మాయమవుతుందో చూసే ప్రయోగానికీ ఇదే పద్ధతి. గుర్తు అన్ని గ్రూపులకీ ఒకే మార్కర్‌తో మీరే గీసి ఇవ్వండి, ఒకరిది లావుగా, ఒకరిది సన్నగా ఉంటే మాయమయ్యే క్షణం మారిపోతుంది. మొత్తం ద్రావణం కూడా ప్రతిసారీ అంతే ఉండాలి. హైపో తగ్గిస్తే ఆ మేరకు నీళ్ళు కలపాలి, లేకపోతే లోతు మారి, గుర్తు మీద పరుచుకునే మసక కూడా మారుతుంది. అన్నట్టు ఇందులో సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. కిటికీలు తెరవండి, తక్కువ మోతాదులో చేయండి, అయిపోగానే పారబోసి నీళ్ళు కొట్టించండి, ఉబ్బసం ఉన్న పిల్లల్ని తలుపు దగ్గర కూర్చోబెట్టి రాసే పని ఇవ్వండి.

ఇప్పుడు వేలి సంగతి. స్టాప్‌వాచ్ చేతికి ఇచ్చే ముందు పది నిమిషాలు స్కేలు ఆట ఆడించండి. 30 సెంటీమీటర్ల స్కేలుని ఒకరు పై కొన పట్టుకుని వేలాడదీయాలి, రెండోవారు కింద సున్నా గీత దగ్గర బొటనవేలు, చూపుడువేలు తగలకుండా తెరిచి ఉంచాలి, మొదటివారు చెప్పాపెట్టకుండా వదిలేయాలి. ఎక్కడ పట్టుకున్నారో చూడండి. 10 సెంటీమీటర్ల దగ్గరైతే స్పందించడానికి 0.14 సెకను పట్టినట్టు, 15 అయితే 0.17, 20 అయితే 0.20, 25 అయితే 0.23. వస్తువు కింద పడే సూత్రంతో పిల్లలే లెక్క కట్టుకోవచ్చు. చాలామందికి 0.2 అటూ ఇటూగా వస్తుంది. ఫోనులో 40.13 అని కనపడగానే పిల్లలు అంత కచ్చితంగా కొలిచామనుకుంటారు. ఆ చివరి 3 ఫోనుది, వాళ్ళ వేలిది కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు కానీ, స్కేలు ఆట ఆడాక ఒక్కసారి చెబితే చాలు.

ఈ ఆటలో ఇంకోటి కూడా బయటపడుతుంది, ఒకరి వేలు ఇంకొకరి వేలులా ఉండదు. దీని వెనక ఒక పాత కథ ఉంది, పిల్లలకి భలే నచ్చుతుంది. 1796లో ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ వేధశాలలో మాస్కెలిన్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన సహాయకుడు కిన్నెబ్రూక్‌ని పనిలోంచి తీసేశాడు. టెలిస్కోపులోని సన్నటి తీగని నక్షత్రం దాటే క్షణాన్ని అతను తనకంటే 0.8 సెకను ఆలస్యంగా రాస్తున్నాడని కోపం. ఆ తర్వాత కొన్నేళ్ళకి బెసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ సంగతి మళ్ళీ తిరగేసి, పేరున్న పరిశీలకులని ఒకరితో ఒకరిని పోల్చి చూస్తే, ఎవరి తేడా వాళ్ళకి ఉందని తేలింది. పాపం అప్పటికే ఆ కుర్రాడి ఉద్యోగం పోయింది.

కాబట్టి ఒక ప్రయోగంలో అన్ని ట్రయల్స్‌కీ ఒకే వేలు. స్టాప్‌వాచ్ కోసం కొట్టుకుంటారు, తెలుసు. "ఈ ప్రయోగం నీది, వచ్చే ప్రయోగం వాడిది" అని పేర్లు బోర్డు మీద రాసేయండి. ట్రయల్‌కి ఒకరు చొప్పున పంచితే గొడవ తగ్గుతుంది గానీ రీడింగులు పాడవుతాయి.

వేలి తేడాని పూర్తిగా పోగొట్టలేం, పలచన చేయొచ్చు. మీటరు లోలకానికి ఒక డోలనం దాదాపు 2 సెకన్లు. ఒక్క డోలనానికే టైమ్ చూస్తే 0.2 సెకను తేడా అంటే నూటికి 10 వంతులు. అదే 20 డోలనాలకి చూసి 20తో భాగిస్తే, 40 సెకన్లలో అదే 0.2 అర వంతుకి పడిపోతుంది. సాంబారులో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోసినట్టే, కాకపోతే ఇక్కడ రుచి చెడదు.

నట్టుని పక్కకి లాగేది 10 సెంటీమీటర్లు చాలు. ఎక్కువ లాగితే డోలనావర్తన కాలమే, అంటే ఒక డోలనానికి పట్టే టైమే పెరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర నూటికి దాదాపు 1.7 వంతులు, 60 డిగ్రీల దగ్గర 7 వంతులు. వదిలాక వెంటనే నొక్కకుండా రెండు మూడు ఊపులు పోనివ్వండి. నట్టు కిందికి వచ్చే చోట, వెనక గోడకి ఆనించిన అట్ట మీద చాక్‌పీస్‌తో నిలువు గీత గీయండి. ఆ గీతని నట్టు ఎడమ నుంచి కుడికి దాటేటప్పుడు నొక్కాలి, ఆపడం కూడా అక్కడే, అదే దిక్కులో. పిల్లలు సహజంగా చివర, అంటే నట్టు ఆగి వెనక్కి తిరిగే చోట నొక్కుతారు, అక్కడ కళ్ళకి స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి అక్కడ అది బద్ధకంగా ఉంటుంది, తిరుగుముఖం పట్టాక 0.2 సెకనులో 2 సెంటీమీటర్లు కూడా కదలదు, కింద గీత దగ్గరైతే అదే వ్యవధిలో 6 సెంటీమీటర్లు దాటిపోతుంది. వేగంగా దాటే చోటే క్షణం బాగా దొరుకుతుంది.

పొడవు కొలిచేటప్పుడు నట్టు పై అంచు వరకు కాదు, నట్టు మధ్య వరకు. దారం పురికొస వద్దు, మెలి విడిపోయి సాగుతుంది. గాలం దారం బావుంటుంది.

ఇక సున్నా. నేను ఎక్కువ సిగ్గుపడ్డది ఇక్కడే. ఒక ఏడు ఒక గ్రూపు పట్టికలో ఐదు రీడింగులు ఇలా ఉన్నాయి: 40.3, 40.1, 38.2, 40.2, 40.0. మూడోది చూడగానే "సరిగ్గా చూడలేదు, కొట్టేసి మళ్ళీ చెయ్యండి" అన్నాను. వాళ్ళు కొట్టేశారు. అంతకు ముందు పీరియడ్‌లో ఇంకో సెక్షన్‌లో ఇలాంటిదే వచ్చిందని సాయంత్రం బస్సులో గుర్తొచ్చింది. 38.2కి 2 కలిపితే 40.2. అంటే ఒక డోలనం తక్కువ. లెక్కపెట్టే పిల్ల ఆ ఒక్కసారి, గడియారం నొక్కగానే "ఒకటి" అనేసింది. ఇరవై అనేసరికి నిజంగా అయినవి పంతొమ్మిది. 38.2ని 19తో భాగిస్తే 2.01 వస్తుంది, మిగతా నాలుగింటితో చక్కగా సరిపోతుంది. రీడింగు మంచిదే, లెక్క తప్పింది. నేను కొట్టించకుండా "ఈసారి ఏం తేడాగా చేశారు?" అని అడిగి ఉంటే ఆ పిల్లే చెప్పేది.

అప్పటినుంచి క్లాసు క్లాసంతా "మూడు, రెండు, ఒకటి, సున్నా" అని గీత దాటుతున్న లయలోనే పైకి అంటుంది, "సున్నా" దగ్గర గడియారం మొదలు. తర్వాత మళ్ళీ అదే దిక్కులో దాటినప్పుడే "ఒకటి". రెండు వైపులా దాటినప్పుడూ లెక్కపెట్టేవాళ్ళు ప్రతి క్లాసులో కనీసం ఒకరుంటారు, వాళ్ళకి 20 సెకన్లే వస్తుంది, అప్పుడు కంగారుపడొద్దు. నాడి చూసేటప్పుడు కూడా మొదటి దెబ్బకి సున్నాయే. నాడి 15 సెకన్లు చూసి 4తో గుణిస్తే ఒక్క దెబ్బ తేడా నాలుగవుతుంది, 30 సెకన్లు చూస్తే రెండే. బొటనవేలితో చూడనివ్వకండి, దాని నాడి దానికే కొట్టుకుంటుంది.

గ్రూపులో నలుగురుంటే పని పంచండి: వదిలేవాళ్ళు, లెక్కపెట్టేవాళ్ళు, గడియారం, రాసేవాళ్ళు. ఇందులో ఎవరికీ పట్టనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, రాసేవాళ్ళ పని. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. కాటా దగ్గర మనిషి బరువు అరిచి చెబితే, ఈయన అదే అంకె తిరిగి అరిచి, చీటీలో రాసి, అప్పుడు చెయ్యి ఊపితేనే టిక్కీ (మిర్చి బస్తా) కాటా మీంచి దిగేది. టిక్కీ దిగిపోయాక గుర్తు తెచ్చుకుని రాసిన అంకెకి ఆయన పైసా విలువ ఇచ్చేవారు కాదు. ల్యాబ్‌లో మేం అచ్చం అదే చేస్తాం. గడియారం పట్టుకున్నవాడు "నలభై పాయింట్ ఒకటి మూడు" అంటాడు, రాసే అమ్మాయి అదే పైకి అంటుంది, రాస్తుంది, "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" వినపడ్డాకే రీసెట్ నొక్కాలి. ఈ పద్ధతి పెట్టకముందు వారానికి రెండుసార్లైనా "సార్, రాయకముందే నొక్కేశాడు సార్" వినాల్సి వచ్చేది.

గడియారం పట్టుకున్నవాడికి పాత రీడింగులు కనపడకూడదు. కనపడితే వాడికి తెలియకుండానే వేలు 40.2 వైపు జరుగుతుంది. మధ్యలో ఒక అట్ట నిలబెట్టి, రాసే పిల్ల నోటుబుక్కుని దానికి అటువైపు పెట్టుకుంటే సరి.

నోటుబుక్కులో పెన్నుతోనే రాయాలి. తప్పైతే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి, కింది అంకె చదవడానికి రావాలి, వైట్నర్ మా ల్యాబ్‌లో నిషేధం. పట్టికలో ట్రయల్ సంఖ్య, దారం పొడవు, 20 డోలనాలకి టైమ్, ఒక డోలనానికి టైమ్, ఆఖర్న వెడల్పుగా "గమనిక" అనే గడి. ఆ గడి ఖాళీగా ఉంటే నాకు అనుమానం వస్తుంది. "బల్ల కదిలింది", "దారం జారింది, మళ్ళీ కట్టాం, 99.6", "రాము తుమ్మాడు". తుమ్మడం నవ్వులాటకే రాశారు గానీ, ఆ ట్రయల్ ఎందుకు తేడా వచ్చిందో నెల తర్వాత చెప్పింది ఆ గడే. పేజీ పైన తేదీ, సమయం, గది ఉష్ణోగ్రత. ఇవి మర్చిపోతే మళ్ళీ దొరకవు.

ఫోను స్టాప్‌వాచ్‌తో ఒక ఇబ్బంది ఉంది. నిమిషం దాటితే 1:07.32 అని చూపిస్తుంది. పిల్లలు 1.07 అని రాసుకుంటారు, తర్వాత దాన్ని నిమిషాలు అనుకుని 60తో గుణించి 64.2 సెకన్లు అంటారు. నిజానికి అది 67.32 సెకన్లు. అందుకని నిమిషాలు అన్న మాటే వద్దు, వినగానే సెకన్లలోకి మార్చి పైకి చెప్పి రాయమనండి. పట్టిక తల దగ్గరే "సెకన్లలో" అని పెద్దగా రాయించండి. పాయింట్ తర్వాత రెండు అంకెలూ రాసుకోనివ్వండి, చూసింది చూసినట్టు ఉండాలి, సగటు దగ్గర మాత్రం ఒకటి రెండు అంకెలకి తెంచండి. కొందరు టీచర్లు మొదట్లోనే ఒక అంకెకి కుదించమంటారు, అది తప్పేమీ కాదు, కానీ పిల్లలు మనసులో కుదించేటప్పుడు ఇంకేవో కూడా కుదించేస్తారు.

ఎన్ని ట్రయల్స్? మూడుకి తగ్గకూడదు, ఐదు చాలు. 45 నిమిషాల పీరియడ్‌లో మూడు పొడవులకి ఐదేసి అంటే పదిహేను రీడింగులు, ఒక్కోదానికి నిమిషంన్నర చొప్పున 22 నిమిషాలు, దారం మార్చడానికి ఇంకో పది. కుదురుతుంది, హాజరు ముందే వేసేస్తే. అన్నిటికంటే ముందు ఒకటి అలవాటు కోసం చేయించండి, దాన్ని ట్రయల్ 0 అని రాసి సగటులో కలపబోమని ముందే చెప్పేయండి. చేశాక చూసి, నచ్చకపోతే అలవాటు కోసం అనడం కుదరదు.

తేడాగా వచ్చిన రీడింగుని తీసేయొచ్చా? కారణం అప్పటికప్పుడు గమనికలో రాసి ఉంటే తీసేయొచ్చు. లేకపోతే ఉంచి, ఇంకో రెండు ట్రయల్స్ చేయించండి. ఇందాకటి అంకెలతో రెండు రకాలుగానూ లెక్క వేయించండి. 38.2 తప్ప మిగతా నాలుగింటి సగటు 40.15, దాన్నుంచి g (గురుత్వ త్వరణం) విలువ 9.80 వస్తుంది. 38.2ని కూడా అలాగే కలిపేస్తే సగటు 39.76, g 9.99కి ఎగబాకుతుంది. మన గుంటూరు అక్షాంశం దగ్గర అది సుమారు 9.78. ఒక్క డోలనం లెక్క తప్పితే ఎంత దూరం పోతుందో పిల్లలకి అక్కడే కళ్ళకి కడుతుంది.

రసాయన ప్రయోగాలకైతే వరస కూడా చూసుకోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని మనమే పాఠంలో చెబుతాం, మళ్ళీ మనమే ఒక గాఢత పొద్దున మొదటి పీరియడ్‌లోనూ, ఇంకోటి మధ్యాహ్నం ఎండలోనూ చేయించి రెండూ పోలుస్తాం. ఒకే పూట చేయండి, గాఢతలు మార్చి మార్చి చేయండి, అంటే అన్నీ ఒక్కోసారి, మళ్ళీ అన్నీ ఒక్కోసారి. వేడినీళ్ళలో పంచదారకైతే ప్రతి ట్రయల్‌కీ థర్మామీటరు పెట్టి రాయండి, కెటిల్‌లో నీళ్ళు మీ కోసం అలాగే కాగుతూ కూర్చోవు.

బంతి కిందపడే టైమ్‌ని చేత్తో చూడాలని ఆశపడకండి. 1.25 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే అర సెకను, అందులో మీ వేలి వాటా ఎంతో స్కేలు ఆటలో చూశారు. మీ ఫోనులో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి, సెకనుకి 30 ఫ్రేములైతే ఒక్కోటి 0.033 సెకను, స్లో మోషన్‌లో 120 ఉంటే ఇంకా నయం. లేదా వాలు తగ్గించిన గాడిలో గోళీ దొర్లించండి. గెలీలియో చేసిందీ అదే, స్టాప్‌వాచ్ లేని రోజుల్లో, గుండు దొర్లినంతసేపు సన్నటి ధారగా కారిన నీళ్ళని తూచి కాలం లెక్కగట్టాడు.

చివర్లో ఒక పని. బెల్లు కొట్టక ముందే ప్రతి గ్రూపు రఫ్ పేజీని ఫొటో తీసుకోండి. ఇంటికెళ్ళి ఫెయిర్ రికార్డులో రాసేసరికి 38.2 కాస్తా 40.1 అయిపోతుంది, ట్యూషన్‌లో పక్కవాడి రికార్డు చూసి రాసిందైతే ఇక చెప్పక్కర్లేదు. నేను దిద్దేటప్పుడు ఫొటో పక్కన పెట్టుకుంటాను, కొట్టేసిన అంకె ఫెయిర్‌లో కూడా కొట్టేసి కనపడితే ఒక మార్కు ఎక్కువ వేస్తాను. మొదటి ఏడు ఎవరూ నమ్మలేదు. ఈమధ్య ఇద్దరు ముగ్గురు మార్కు కోసం కావాలనే అంకెలు కొట్టేసి తెస్తున్నారు, దానికి మందు ఇంకా వెతుకుతున్నాను.